స్నాప్‌షాట్ల నుంచి డేటాబేస్ పనితీరు నివేదిక తీయడం: ఒరాకిల్ ఏడబ్ల్యూఆర్, స్టాట్స్‌ప్యాక్‌లకు సమగ్ర మార్గదర్శి

డేటాబేస్ నెమ్మదించిందన్న కబురు మన దాకా వచ్చేసరికి ఆ నెమ్మది తగ్గిపోయి ఉంటుంది. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటు ఉందనుకుందాం. రాత్రి ఏడున్నరకు పట్టుబడి లోడ్లు వరసకట్టాయి, కాటా ఎంట్రీలు ఆగిపోయాయి. ఐటీ వాళ్లకు ఫోన్ వచ్చేది ఎనిమిది దాటాకే. లాగిన్ అయి చూస్తే అంతా మామూలుగా నడుస్తుంటుంది. జరిగిపోయిన ఆ అరగంటను మళ్లీ చూడాలంటే అప్పటికే తీసి పెట్టిన స్నాప్‌షాట్లు ఉండాలి. వాటి నుంచి సరైన వ్యవధికి నివేదిక తీయడం తెలిసి ఉండాలి. ఎక్కువమంది తడబడేది ఈ వ్యవధి దగ్గరే. నివేదిక తీయడం రెండు నిమిషాల పని, కానీ తప్పు వ్యవధికి తీసిన నివేదిక తప్పు దారే చూపిస్తుంది.

ఇక్కడ ఆదేశాలు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. అక్షరాలు విడివిడిగా పలకాల్సిన పేర్ల మధ్య గీతలు పెట్టాం, ఆ అడ్డగీతలు (-) పేరులో భాగం కావు, కింది గీత (_) మాత్రం భాగమే.

స్నాప్‌షాట్ అంటే ఏమిటి, నివేదిక ఎలా పుడుతుంది

ఇన్‌స్టన్స్, అంటే సర్వరులో నడుస్తున్న డేటాబేస్ ప్రోగ్రాము, మొదలైన క్షణం నుంచి ఒరాకిల్ వందలాది లెక్కలు కూడుకుంటూ పోతుంది: ఎన్ని బ్లాకులు చదివింది, ఎన్ని కమిట్లు (మార్పులను ఖాయం చేయడం) అయ్యాయి, ఏ వెయిట్ ఈవెంట్ (పని ఆగి ఎదురుచూడాల్సి వచ్చిన కారణం) మీద ఎన్ని సెకన్లు పోయాయి. ఎమ్మాన్ అనే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ నిర్ణీత సమయానికి ఆ లెక్కల నకలు తీసి సిస్ఆక్స్ అనే టేబుల్‌స్పేస్‌లో (డేటాబేస్ నిల్వ చోటులో) దాస్తుంది. అదే స్నాప్‌షాట్. ఇలా దాచే ఏర్పాటు పేరే ఏడబ్ల్యూఆర్, ఆటోమేటిక్ వర్క్‌లోడ్ రిపాజిటరీ. రెండో స్నాప్‌షాట్ లెక్కలోంచి మొదటి దాని లెక్క తీసేస్తే మధ్యలో జరిగింది తేలుతుంది. నివేదిక మొత్తం ఈ తీసివేతే.

మధ్యలో ఇన్‌స్టన్స్ ఆగి మళ్లీ లేస్తే లెక్కలు సున్నా నుంచి మొదలవుతాయి. అందుకే రీస్టార్ట్‌కు ముందున్న స్నాప్‌షాట్‌ను, తర్వాతి స్నాప్‌షాట్‌ను కలిపి నివేదిక తీయనివ్వదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల రోజుల్లో కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి సర్వరు పడిపోవడం మన తీరంలో మామూలే. అలాంటి రోజు నివేదిక కావాలంటే రీస్టార్ట్‌కు ముందు భాగం ఒకటి, తర్వాతి భాగం ఒకటిగా రెండు తీయాలి. చివరి స్నాప్‌షాట్‌కూ పడిపోయిన క్షణానికీ మధ్య జరిగింది ఏ నివేదికలోనూ రాదు.

రెండో సంగతి, నివేదికలో కనిపించేవన్నీ ఆ వ్యవధికి సగటులు. అరగంట ఇబ్బందిని నాలుగు గంటల నివేదికలో పెడితే మిగతా మూడున్నర గంటల ప్రశాంతత దాన్ని కప్పేస్తుంది.

మొదట లైసెన్సు చూసుకోండి

ఏడబ్ల్యూఆర్ వాడాలంటే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో పాటు డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్సు కొని ఉండాలి. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఇది డిఫాల్ట్‌గా తెరిచే ఉంటుంది, అడ్డు చెప్పదు. కానీ మీరు వాడిన సంగతి డీబీఏ_ఫీచర్_యూసేజ్_స్టాటిస్టిక్స్ అనే వ్యూలో నమోదవుతుంది, ఆడిట్ రోజున బయటికొస్తుంది. నివేదిక స్క్రిప్టులకే కాదు, డీబీఏ_హిస్ట్ అని మొదలయ్యే చరిత్ర వ్యూలను నేరుగా క్వెరీ చేయడానికి కూడా సాధారణంగా ఈ లైసెన్సు కావాల్సిందే. లేకపోతే కంట్రోల్_మేనేజ్‌మెంట్_ప్యాక్_యాక్సెస్ పారామీటర్‌ను నన్ అని మార్చి, కింద చెప్పిన స్టాట్స్‌ప్యాక్ (అదనపు రుసుము లేకుండా ఇలాంటి స్నాప్‌షాట్లే తీసే ఒరాకిల్ స్క్రిప్టులు) పెట్టుకోండి. మన జిల్లాల్లో చిన్న మిల్లులు, గ్రానైట్ ఆఫీసుల్లో ఉండేది స్టాండర్డ్ ఎడిషన్ అయితే దారి స్టాట్స్‌ప్యాకే.

లైసెన్సు ఉంటే స్టాటిస్టిక్స్_లెవెల్ టిపికల్‌లో ఉందో లేదో చూడండి. ఎవరైనా బేసిక్‌కు మార్చి ఉంటే ఆటోమేటిక్ స్నాప్‌షాట్లు రావు.

ఎంతసేపటికి ఒకటి, ఎన్ని రోజుల నిల్వ

డిఫాల్ట్‌గా 60 నిమిషాలకు ఒక స్నాప్‌షాట్, 8 రోజుల నిల్వ. ఈ రెండూ మన అవసరానికి చాలవు. గంట వ్యవధిలో పది నిమిషాల ఇబ్బంది పలచబడిపోతుంది. 8 రోజుల నిల్వతో ఈ నెలాఖరును పోయిన నెలాఖరుతో పోల్చలేం. మా సిఫారసు 15 నిమిషాలు, 35 రోజులు. అడిగే విలువలు నిమిషాల్లో ఇవ్వాలి కాబట్టి నిల్వ 50400:

ఎగ్జెక్ డీబీఎంఎస్_వర్క్‌లోడ్_రిపాజిటరీ.మాడిఫై_స్నాప్‌షాట్_సెట్టింగ్స్(రిటెన్షన్ => 50400, ఇంటర్వల్ => 15);

విరామం 10 నిమిషాలకు తగ్గదు. ఈ మార్పు చేసే ముందు సిస్ఆక్స్‌లో చోటు చూసుకోవాలి. డిఫాల్ట్‌లో ఒకసారికి 192 స్నాప్‌షాట్లు నిల్వ ఉంటాయి, ఈ కొత్త లెక్కలో 3360, అంటే పదిహేడు రెట్లు పైనే. ఏ-డబ్ల్యూ-ఆర్-ఇన్ఫో స్క్రిప్టు నడిపితే ఏడబ్ల్యూఆర్ ఎంత చోటు తింటోందో, ఇక మీదట ఎంత కావచ్చో చెబుతుంది. సిస్ఆక్స్ నిండితే స్నాప్‌షాట్లు మౌనంగా ఆగిపోతాయి, ఆ సంగతి అవసరమైన రోజునే తెలుస్తుంది. కాబట్టి టేబుల్‌స్పేస్ హెచ్చరికల జాబితాలో సిస్ఆక్స్‌ను కూడా చేర్చండి.

నిల్వను తగ్గించబోతే కొన్నిసార్లు ఓఆర్ఏ-13541 వస్తుంది. మూవింగ్ విండో బేస్‌లైన్ (పోలిక కోసం ఒరాకిల్ తనంతట తాను ఉంచుకునే ఇటీవలి రోజుల వ్యవధి) పొడవు మీరు అడిగిన నిల్వ కంటే ఎక్కువ ఉందని దాని అర్థం. ముందు మాడిఫై_బేస్‌లైన్_విండో_సైజ్‌తో దాన్ని తగ్గించి, తర్వాత నిల్వ మార్చండి.

పెద్ద బ్యాచ్ పని మొదలుపెట్టే ముందు ఒకటి, అయిపోగానే ఒకటి స్నాప్‌షాట్ చేత్తో తీసుకోవడం మంచి అలవాటు. క్రియేట్_స్నాప్‌షాట్ ప్రొసీజర్‌ను పిలిస్తే చాలు. అప్పుడు నివేదిక సరిగ్గా ఆ పని పొడవుకే వస్తుంది.

నివేదిక తీయడం

1. డేటాబేస్ సర్వరులో, మీకు రాసే హక్కున్న ఫోల్డరులోకి వెళ్లి ఎస్‌క్యూఎల్‌ప్లస్ తెరవండి. ఫైలు మీరున్న ఫోల్డరులోనే పడుతుంది. హక్కు లేకపోతే ఎస్పీ2-0606 అని, స్పూల్ ఫైలు తెరవలేకపోయానని చెబుతుంది.

2. @?/ఆర్-డి-బి-ఎం-ఎస్/అడ్మిన్/ఏ-డబ్ల్యూ-ఆర్-ఆర్-పి-టి అని నడపండి. ప్రశ్నార్థకం అంటే ఒరాకిల్ హోమ్. క్లస్టరు మొత్తానికి కావాలంటే ఏ-డబ్ల్యూ-ఆర్-జి-ఆర్-పి-టి.

3. రకం అడుగుతుంది, హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. 12.2 నుంచి, ప్లగ్గబుల్ డేటాబేస్‌లో (పీడీబీ, అంటే ఒక పెద్ద డేటాబేస్ లోపల ఉండే విడి డేటాబేస్) ఉంటే, రూట్ (ఆ పెద్ద డేటాబేస్) స్నాప్‌షాట్లా పీడీబీ స్నాప్‌షాట్లా అని కూడా అడుగుతుంది. పీడీబీ సొంత స్నాప్‌షాట్లు చాలా వెర్షన్లలో డిఫాల్ట్‌గా రావు. ఏడబ్ల్యూఆర్_పీడీబీ_ఆటోఫ్లష్_ఎనేబుల్డ్‌ను ట్రూ చేసి ఉంటేనే వస్తాయి.

4. ఎన్ని రోజుల జాబితా కావాలో అడుగుతుంది. 1 అంటే ఈరోజు, 2 అంటే నిన్న, ఈరోజు. ఏమీ ఇవ్వకుండా ఎంటర్ కొడితే నిల్వ ఉన్నవన్నీ వరసగా దొర్లిపోతాయి, 3360 వరసల్లో మీకు కావలసింది వెతకడం కష్టం.

5. మొదటి, చివరి స్నాప్‌షాట్ నంబర్లు ఇవ్వండి. జాబితాలో ప్రతి నంబరు పక్కన కనిపించేది ఆ స్నాప్‌షాట్ తీసిన సమయం. ఏడున్నర నుంచి ఎనిమిది దాకా కావాలంటే 19:30 పక్కనున్న నంబరు మొదటిది, 20:00 పక్కనున్నది చివరిది. చాలామంది 19:45 పక్కనున్న నంబరును మొదటిగా ఇచ్చి, ఇబ్బంది మొదలైన తొలి పావుగంటను పోగొట్టుకుంటారు.

6. ఫైలు పేరు డిఫాల్ట్‌గా ఇన్‌స్టన్స్, రెండు స్నాప్ నంబర్లతో వస్తుంది. దానికి తేదీ, గంట కూడా చేర్చి ఇవ్వండి. నెల తర్వాత ఫోల్డరు తెరిచినప్పుడు స్నాప్ నంబరు చూసి ఎవరికీ ఏమీ గుర్తుకు రాదు.

సర్వరులోకి వెళ్లే హక్కు లేకపోతే మీ కంప్యూటరు నుంచే తీయవచ్చు. పేజ్‌సైజ్ 0, లైన్‌సైజ్ 8000, హెడింగ్, ఫీడ్‌బ్యాక్ ఆఫ్ పెట్టి, స్పూల్ (ఫలితాన్ని ఫైలులోకి రాయడం) తెరిచి ఇలా అడగండి, డీబీఐడీ అంటే డేటాబేస్ గుర్తింపు సంఖ్య:

సెలెక్ట్ అవుట్‌పుట్ ఫ్రమ్ టేబుల్(డీబీఎంఎస్_వర్క్‌లోడ్_రిపాజిటరీ.ఏడబ్ల్యూఆర్_రిపోర్ట్_హెచ్‌టీఎంఎల్(డీబీఐడీ, ఇన్‌స్టన్స్ నంబరు, మొదటి స్నాప్, చివరి స్నాప్));

రోజూ తానంతట తనే రావాలంటే ఇదే వాక్యాన్ని క్రాన్‌లో (లినక్స్‌లో వేళకు పనులు నడిపే ఏర్పాటు) పెట్టుకోవచ్చు. స్క్రిప్టు మొదట్లోనే ఒరాకిల్_హోమ్, ఒరాకిల్_ఎస్ఐడీ విలువలు ఇవ్వండి. చేత్తో నడిపితే పనిచేసి క్రాన్‌లో పనిచేయలేదంటే, పదిలో తొమ్మిదిసార్లు కారణం ఇవి లేకపోవడమే.

ఏ వ్యవధి, దేనితో పోలిక

ఇబ్బంది పడిన వేళకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా వ్యవధి ఎంచుకోండి. 15 నుంచి 60 నిమిషాలు సరైన పొడవు. రోజంతటికీ ఒకే నివేదిక కావాలని పై వాళ్లు అడిగితే ఇవ్వండి, కానీ దాని మీద రోగనిర్ధారణ చేయకండి.

ఒక్క నివేదికతో సగమే తెలుస్తుంది. సెకనుకు 4000 బ్లాకుల చదువు ఎక్కువో తక్కువో, అదే డేటాబేస్ బాగా నడిచిన వేళ ఎంత చదివిందో తెలిస్తేనే చెప్పగలం. అందుకే జత నివేదిక తీయండి: వారంలో అదే రోజు, అదే గంట, అదే పొడవు, అదే రకం రద్దీ. పొగాకు వేలం సీజన్లో ఒంగోలు, టంగుటూరు వైపు కొనుగోలు ఆఫీసు డేటాబేస్‌ను వేలం ఉన్న రోజుతోనే పోల్చాలి, వేలం లేని రోజుతో కాదు. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో నెలాఖరు ఇన్‌వాయిసుల రోజుకు జోడీ పోయిన నెలాఖరే. ఏ-డబ్ల్యూ-ఆర్-డి-డి-ఆర్-పి-టి స్క్రిప్టుకు రెండు జతల నంబర్లు ఇస్తే రెండు వ్యవధులనూ పక్కపక్కన పెట్టి తేడాలతో చూపిస్తుంది.

బాగా నడిచిన వ్యవధిని క్రియేట్_బేస్‌లైన్‌తో పేరు పెట్టి భద్రపరచండి. బేస్‌లైన్‌లో ఉన్న స్నాప్‌షాట్లు నిల్వ గడువు దాటినా చెరిగిపోవు.

చదవడం: పై నుంచి కిందికి

తెరవగానే ఎస్‌క్యూఎల్ జాబితాలోకి దూకకండి. మొదటి పేజీలో రెండు అంకెలు ఉంటాయి, ఎలాప్స్‌డ్, డీబీ టైమ్. డీబీ టైమ్ అంటే యూజర్ సెషన్లన్నీ కలిపి డేటాబేస్‌లో పని మీదో, వేచి ఉండటం మీదో గడిపిన సమయం. దాన్ని ఎలాప్స్‌డ్‌తో భాగిస్తే సగటున ఎన్ని సెషన్లు చురుగ్గా ఉన్నాయో వస్తుంది.

మన రొయ్యల ప్లాంటు ఉదాహరణకు అంకెలు పెట్టి చూద్దాం. ఎలాప్స్‌డ్ 30 నిమిషాలు, డీబీ టైమ్ 270 నిమిషాలు, సర్వరులో 4 కోర్లు. సగటు చురుకైన సెషన్లు 9. కోర్ల కంటే రెండింతలు పైన ఉంది కాబట్టి డేటాబేస్ నిజంగా ఇబ్బందిలో ఉంది. ఇదే అంకె 0.6 వచ్చి ఉంటే డేటాబేస్ ఖాళీగా ఉన్నట్టు. నెమ్మది నెట్‌వర్క్‌లోనో, అప్లికేషన్ సర్వరులోనో, కాటాకూ కంప్యూటరుకూ మధ్య కేబులులోనో వెతకాలి.

తర్వాత టాప్ 10 ఫోర్‌గ్రౌండ్ ఈవెంట్స్. మన ఉదాహరణలో ఇలా ఉందనుకోండి: ఎన్‌క్యూ టీఎక్స్ రో లాక్ కంటెన్షన్ 150 నిమిషాలు, అంటే డీబీ టైమ్‌లో 55.6 శాతం, డీబీ ఫైల్ సీక్వెన్షియల్ రీడ్ 54 నిమిషాలు, 20 శాతం, డీబీ సీపీయూ 45 నిమిషాలు, 16.7 శాతం. సగానికి పైగా సమయం ఒక వరుస మీది తాళం కోసం ఎదురుచూడటంలోనే పోయింది. ఇక్కడ డిస్కు మార్చినా, మెమరీ పెంచినా ఆ సగం తగ్గదు. ఈ ఒక్క వాక్యం చెప్పగలిగితే నివేదిక తన ఖర్చు తిరిగి తెచ్చినట్టే, ఎందుకంటే ఇలాంటప్పుడు ముందుగా వచ్చే ప్రతిపాదన కొత్త సర్వరే.

ఇప్పుడు ఎస్‌క్యూఎల్ ఆర్డర్డ్ బై ఎలాప్స్‌డ్ టైమ్‌కు రండి. మొదటి వరసలో ఒక అప్‌డేట్: 1800 సార్లు నడిచింది, మొత్తం 9000 సెకన్లు, ఒక్కోసారికి 5 సెకన్లు, సీపీయూ ఒక శాతం. పోయిన వారం జత నివేదికలో అదే అప్‌డేట్ 1700 సార్లు నడిచి మొత్తం 34 సెకన్లే తీసుకుంది. సంఖ్య పెద్దగా పెరగలేదు, ఒక్కోదానికి పట్టే సమయం పెరిగింది. సెగ్మెంట్స్ బై రో లాక్ వెయిట్స్ విభాగంలో టేబుల్ పేరు దొరుకుతుంది. అది చివరి లాటు నంబరును ఒకే వరుసలో దాచుకునే టేబుల్ అయితే కథ అర్థమవుతుంది: ప్రతి కాటా ఎంట్రీ ఆ వరుసను పట్టుకుని, కమిట్ అయ్యే దాకా వదలడం లేదు.

మిగతా ఈవెంట్లలో తరచుగా ఎదురయ్యేవి:

డీబీ ఫైల్ సీక్వెన్షియల్ రీడ్ అంటే ఒక్కో బ్లాకు చదవడం, ఎక్కువగా ఇండెక్స్ దారిలో. సగటు చూడండి. పాత తిరిగే డిస్కు మీద 5 నుంచి 10 మిల్లీసెకన్లు మామూలు, ఎస్ఎస్‌డీ మీద ఒక మిల్లీసెకను లోపు ఉండాలి. సగటు బాగుండి మొత్తం సమయం ఎక్కువగా ఉంటే డిస్కుది తప్పు కాదు, ఏదో ఎస్‌క్యూఎల్ అవసరానికి మించి చదువుతోంది. ఎస్‌క్యూఎల్ ఆర్డర్డ్ బై రీడ్స్‌లో వెతకండి.

లాగ్ ఫైల్ సింక్ ఎక్కువైతే, బ్యాక్‌గ్రౌండ్ ఈవెంట్లలో లాగ్ ఫైల్ ప్యారలల్ రైట్ సగటును పక్కన పెట్టి చూడండి. రెండూ ఎక్కువైతే రీడో లాగ్ (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే ఫైలు) ఉన్న డిస్కు నెమ్మది. రాత తక్కువగా ఉండి సింక్ ఒక్కటే ఎక్కువైతే, కమిట్లు మరీ తరచుగా అవుతున్నాయి లేదా సీపీయూ నిండిపోయింది. ఎక్సెల్ నుంచి వరుసకొక కమిట్‌తో డేటా ఎక్కించే ప్రోగ్రాములు దీనికి పేరుమోసిన కారణం.

హార్డ్ పార్స్‌లు (ప్రతి వాక్యాన్నీ కొత్తదిగా విశ్లేషించడం) లోడ్ ప్రొఫైల్‌లో సెకనుకు వందల్లో కనిపిస్తే, అప్లికేషన్ బైండ్ వేరియబుల్స్ (విలువలను వాక్యం నుంచి విడిగా పంపే పద్ధతి) వాడకుండా విలువలను నేరుగా అతికించి పంపుతోంది.

బఫర్ హిట్ శాతం 99 ఉందని సంతోషించకండి. పనికిమాలిన క్వెరీ ఒకటి అవే బ్లాకులను మెమరీలో కోట్లసార్లు తిప్పినా ఆ శాతం బ్రహ్మాండంగానే కనిపిస్తుంది.

ఎగ్జిక్యూషన్స్ 0 అని ఉన్న ఎస్‌క్యూఎల్ కనిపిస్తే, అది ఆ వ్యవధిలో పూర్తి కాలేదని అర్థం. తర్వాతి స్నాప్‌షాట్ దాకా వ్యవధి పెంచి ఇంకోసారి తీయండి.

తాళం ఎవరు పట్టుకున్నారు

ఏడబ్ల్యూఆర్ ఎదురుచూసినవాళ్లను చూపిస్తుంది, ఆపినవాళ్లను చూపించదు. దానికి ఏఎస్‌హెచ్ (యాక్టివ్ సెషన్ హిస్టరీ) కావాలి. అది చురుకైన సెషన్లను సెకనుకు ఒకసారి నమూనా తీస్తుంది, అందులో పదింటికొకటి డిస్కు మీదికి చేరుతుంది. ఏ-ఎస్-హెచ్-ఆర్-పి-టి స్క్రిప్టుతో 19:30 నుంచి 20:00 దాకా తీయండి. లేదా డీబీఏ_హిస్ట్_యాక్టివ్_సెస్_హిస్టరీలో ఆ ఈవెంట్ వరుసలు తీసి, బ్లాకింగ్_సెషన్ వారీగా లెక్కపెట్టండి.

ఇక్కడొక మెలిక ఉంది. ఆపిన సెషన్ నంబరు దొరుకుతుంది, కానీ ఆ సెషన్ సొంత వరుసలు ఒక్కటీ కనిపించకపోవచ్చు. ఏఎస్‌హెచ్ చురుకైనవాళ్లనే నమోదు చేస్తుంది కాబట్టి, తాళం పట్టుకున్నవాడు డేటాబేస్‌లో ఏ పనీ చేయకుండా కూర్చున్నాడన్నమాట. అంటే అప్లికేషన్ అప్‌డేట్ చేసి, కమిట్ చేయకుండా బయట ఇంకేదో పనిలో పడింది: స్లిప్పు ప్రింటు, రైతుకు ఎస్ఎంఎస్, స్క్రీను మీద సరేనా అని అడిగే పెట్టె. కొత్త వెర్షన్‌లో ఆ పని కమిట్‌కు ముందుకు జరిగిందేమో అప్లికేషన్ వాళ్లను అడగండి. మందు రెండు రకాలు: కమిట్ చేశాకే ప్రింటు, ఎస్ఎంఎస్ చేయడం, లేదా లాటు నంబరుకు ఒరాకిల్ సీక్వెన్స్ (వరుసను తాళం వేయకుండానే కొత్త నంబరు ఇచ్చే ఏర్పాటు) వాడటం. సీక్వెన్స్ వాడితే నంబర్ల మధ్య ఖాళీలు రావచ్చు. ఖాళీ ఉండకూడదని అకౌంట్స్ వాళ్లు పట్టుబడితే మొదటి మందే గతి.

లైసెన్సు లేనివారికి స్టాట్స్‌ప్యాక్

దీనికి అదనపు రుసుము లేదు, అదే తీసివేత పద్ధతి. ముందు దీనికంటూ ఒక టేబుల్‌స్పేస్ చేయండి. సిస్‌డీబీఏగా ఎస్-పి-క్రియేట్ నడిపితే పర్ఫ్‌స్టాట్ యూజరును తయారుచేస్తూ పాస్‌వర్డు, టేబుల్‌స్పేస్, టెంప్ టేబుల్‌స్పేస్ అడుగుతుంది. తర్వాత పర్ఫ్‌స్టాట్‌గా ఎస్-పి-ఆటో నడిపితే గంటకొక స్నాప్‌షాట్ మొదలవుతుంది. జాబ్_క్యూ_ప్రాసెసెస్ సున్నా ఉంటే మాత్రం ఏదీ కదలదు. డిఫాల్ట్ లెవెల్ 5. లెవెల్ 6 ఎగ్జిక్యూషన్ ప్లాన్లను, 7 సెగ్మెంట్ వివరాలను కూడా తెస్తాయి. స్టాట్స్‌ప్యాక్.స్నాప్‌కు ఐ_స్నాప్_లెవెల్ => 7, ఐ_మాడిఫై_పారామీటర్ => 'ట్రూ' ఇచ్చి శాశ్వతంగా 7కు మార్చుకోండి. నివేదికకు ఎస్-పి-రిపోర్ట్.

ఏడబ్ల్యూఆర్ చెరిపినట్టు ఇది పాతవాటిని తనంతట తాను చెరపదు. వదిలేస్తే కొన్ని నెలల్లో టేబుల్‌స్పేస్ నిండి స్నాప్‌షాట్లు ఆగిపోతాయి. వారానికోసారి స్టాట్స్‌ప్యాక్.పర్జ్(ఐ_నమ్_డేస్ => 35) ను జాబ్‌గా పెట్టండి. ఏఎస్‌హెచ్ ఇందులో ఉండదు కాబట్టి తాళం కేసుల్లో ఆపినవాడిని పట్టాలంటే ఇబ్బంది జరుగుతున్నప్పుడే వీ$సెషన్‌లో బ్లాకింగ్_సెషన్ చూడాలి. నిమిషానికోసారి ఆ వరుసలను ఒక టేబుల్లోకి నకలు తీసే చిన్న జాబ్ రాసుకుంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది.

పోస్ట్‌గ్రెస్ వాడేవారు పీజీ_ప్రొఫైల్ ఎక్స్‌టెన్షన్‌తో ఇదే పని చేయవచ్చు. పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌ను షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో పెట్టి సర్వరు రీస్టార్ట్ చేయాలి. ట్రాక్_ఐఓ_టైమింగ్ ఆన్ చేయకపోతే చదువు, రాత సమయాలు నివేదికలో ఖాళీగా ఉంటాయి. క్రాన్ నుంచి టేక్_శాంపిల్, కావలసినప్పుడు గెట్_రిపోర్ట్.

బయటికి ఇచ్చే ముందు

హెచ్‌టీఎంఎల్ ఫైలును యథాతథంగా యాజమాన్యానికి పంపితే ఎవరూ చదవరు. పైన ఒక పేజీ రాయండి: ఏ వ్యవధి, దేనితో పోల్చాం, డీబీ టైమ్ ఎక్కడికి పోయింది, ఏ ఎస్‌క్యూఎల్, ఏం మార్చాలి, మార్చాక ఏ అంకె ఎంతకు తగ్గాలి. చివరిది తప్పక ఉండాలి. మన ఉదాహరణలో, ఆ అప్‌డేట్ ఒక్కోసారికి 5 సెకన్ల నుంచి మళ్లీ 0.02 సెకన్ల దరిదాపుకు రావాలి.

బయటి వెండరుకు ఫైలు పంపేటప్పుడు ఎస్‌క్యూఎల్ పూర్తి పాఠాలున్న విభాగం ఒకసారి చూడండి. బైండ్ వేరియబుల్స్ వాడని అప్లికేషన్లలో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఆ వాక్యాల్లోనే అచ్చయి ఉంటాయి. అలాంటివి కనిపిస్తే తీసేసి పంపండి, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.

మార్పు అమలయ్యాక మళ్లీ వారంలో అదే రోజు, అదే 19:30 నుంచి 20:00 దాకా నివేదిక తీసి, రెండు జతల స్క్రిప్టుతో పాతదాని పక్కన పెట్టండి. రో లాక్ వరస టాప్ 10లోంచి జారిపోయి, దాని స్థానంలోకి సీక్వెన్షియల్ రీడ్ వస్తే తర్వాత పట్టుకోవాల్సింది అదే. కొత్త వ్యవధిని బేస్‌లైన్‌గా భద్రపరిచి, పాత బేస్‌లైన్‌ను డ్రాప్_బేస్‌లైన్‌తో తీసేయండి. లేకపోతే ఆ స్నాప్‌షాట్లు సిస్ఆక్స్‌లో చోటు ఆక్రమిస్తూనే ఉంటాయి.